బీరయ్య గుజర్ గయే

నేనొక మనిషిని చంపాను. కత్తితో కాదు, కట్టెతో కాదు, ఒక్క ఉర్దూ మాటతో. ఆ మాట కూడా నేను అన్నది కాదు, విన్నది. మీరు అలా చూడకండి. నన్ను పోలీసులు ఎందుకు పట్టుకుపోలేదో చివరికి మీకే తెలుస్తుంది. ఆ రోజు మాత్రం ఒక ఊళ్లో ఏ ఇంట్లోనూ పొయ్యి వెలగలేదు. ఒక ఇల్లాలి చేతి గాజుల దాకా వచ్చింది వ్యవహారం. అందరి నడుమ నేను తల దించుకుని నిలబడ్డాను. దీనంతటికీ కారణం నా తెలివి. ఆ వయసులో అది నా దగ్గర చాలా ఉండేది.

ఎనభైల చివరి మాట. మాది జడ్చర్ల. డిగ్రీ అయిపోయింది, ఉద్యోగం రాలేదు. వస్తుందని ఎదురుచూస్తూ అద్దె పుస్తకాల దుకాణంలో ఉన్న డిటెక్టివ్ నవలలన్నీ చదివేశాను. లోకంలో నేరాలు దండిగా ఉన్నాయనీ, బుర్ర ఉన్నవాళ్లే తక్కువనీ వాటి వల్ల నాకు తెలిసింది. ఆ లోటు నేను తీర్చాలనుకున్నాను. మా అక్క మొగుడు, అంటే మా బావ, బస్టాండు పక్కన రేడియోలు బాగుచేసే దుకాణం నడిపేవాడు. అందులో ఒక మూల, ఒక స్టూలు, ఒక భూతద్దం నాకిచ్చాడు. ఆ భూతద్దం రేడియోల లోపలి సన్న తీగలు చూసుకోవడానికి కొన్నది. ఆయనకు పని పడితే ఎంతటి కేసు మధ్యలో ఉన్నా తిరిగి ఇచ్చెయ్యాలని షరతు.

బోర్డు రాయించాను. పైన ‘ప్రైవేట్ డిటెక్టివ్’ అని. కింద ‘కనిపించనివి కనిపెట్టబడును’ అని. ఈ రెండో ముక్క నా సొంత కవిత్వం, అదే కొంప ముంచింది. మా పాలమూరు జిల్లాలో కనిపించనిది ఏదైనా ఉందంటే అది నీళ్లే. మొదట వచ్చినవాళ్లంతా బోరు ఎక్కడ వేస్తే నీళ్లు పడతాయో అడగడానికే వచ్చారు.

“టెంకాయ పట్టుకొని తిరుగుతవా, వేపపుల్ల పట్టుకొని తిరుగుతవా?” అన్నాడొక రైతు.

“నేను నీళ్లు సూడ. మనుషులను ఎతుకుత.”

“మనుషులెందుకు? మనుషులు బగ్గ ఉన్నరు. నీళ్లే లేవు” అని ఆయన లేచి వెళ్లిపోయాడు. నిజానికి ఆ రోజుల్లో నాకు ఎదురైన మాటల్లో కొట్టిపారేయలేనిది అదొక్కటే.

భూతద్దం కాక నా దగ్గర మరో ఆయుధం ఉండేది, ఉర్దూ. డిటెక్టివ్‌కు భాషలు రావాలి కదా. నా ఉర్దూ అంతా పక్క గల్లీ పిల్లలతో గోలీలాడుతూ నేర్చుకున్నది. లెక్కపెట్టడం వచ్చు, తిట్టడం బాగా వచ్చు. ఇంకొకటి కూడా వచ్చు. ఒకసారి మేం గోలీలాడుతుండగా మా దోస్తు వాళ్ల తాత చనిపోయాడు. వచ్చినవాళ్లంతా గుమ్మంలో ఆగి ఒకరికొకరు మెల్లగా చెప్పుకున్నారు, “దాదా గుజర్ గయే” అని. ఆ రోజు నుంచి గుజర్ గయే అంటే నాకు తెల్లగుడ్డ, అత్తరు వాసన, ఆట బందు. దానికి ఇంకో అర్థం ఉంటుందని ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

అలా ఉండగా ఒకనాడు పొద్దున జంగమ్మ వచ్చింది. యాభైకి దగ్గర పడ్డ మనిషి, వెండి కడియాలు, మోకాళ్ల దాకా బురద. వాన వెలిసిన రోజులు అవి. స్టూలు మీద కూర్చోమంటే కూర్చోలేదు, గడప మీద కూర్చుంది.

“ఎవరు తప్పిపోయిండ్రు పెద్దమ్మా?”

“మా ఇంటాయిన.”

“పేరు?”

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడవైపు చూసింది.

“పేరు చెప్పాలె పెద్దమ్మా. పేరు లేకుంటె ఎట్ల ఎతుకుత?”

“గట్లెట్ల చెప్త బిడ్డా?”

అప్పట్లో మా వైపు ఊళ్లల్లో ఆడవాళ్లు మొగుడి పేరు నోటితో పలికేవాళ్లు కాదు. పలికితే ఆయన ఆయుష్షు తగ్గుతుందని భయం. ఇది నాకు తెలుసు. అయినా డిటెక్టివ్‌ని కాబట్టి గట్టిగా అడగాలనుకున్నాను.

“పోనీ, గుర్తన్న చెప్పు.”

“గా మా గొర్లోల్ల దేవుడున్నడు గద. గా దేవుని పేరే.”

“మల్లన్ననా?”

“కాదు, ఇంకొకాయిన.”

నేను భూతద్దం తిప్పుతూ ఆలోచిస్తున్నాను. రేడియో వెనకనుంచి తల ఎత్తకుండానే మా బావ అన్నాడు, “బీరప్ప.”

“ఆఁ, గాయినే. ఆఖరుకు ‘అయ్య’ వస్తది” అంది జంగమ్మ, బరువు దిగినట్టు. నా జీవితంలో మొదటి కేసులో మొదటి చిక్కుముడి మా బావ విప్పాడన్న మాట నేను ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు.

“బీరయ్య. ఎప్పటి సంది కనవడ్తలేడు?”

“మొన్న పెద్ద వాన పడ్డది సూడు, దాని తెల్లారి సంది. ఎండకాలమంత మొత్తుకున్న బిడ్డా, ఇల్లు కప్పు, ఇల్లు కప్పు అని. గొర్లు, గొర్లు అంటడు. వాన పడ్డది. పొయ్యి మీద జొన్న గట్క కుండల ధార పడ్డది. వండిందంత నీళ్లపాలాయె. నాకు కడుపు మండి ఒక మాట అన్న.”

“ఏమన్నవ్?”

కాలి బురదను గోటితో గీకుతూ చెప్పింది, “నువ్వు ఇంట్ల ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే అన్న.”

“ఆయనేమన్నడు?”

“ఏమనలే. తిట్టినా బాగుండు. తెల్లారంగ గొంగడి భుజాన ఏసుకొని పోయిండు. ఇగ రాలే. ఊరంత అలిగిండు వస్తడు అంటున్నరు. గొర్లను ఇడిచిపెట్టి ఎన్నడు గిన్ని వొద్దులు ఉండలే. పొద్దుగూకితె గొర్లు దొడ్డి కాడ నిలవడి తొవ్వ దిక్కె సూస్తున్నయి.” కొంగుతో మొహం తుడుచుకుని, “నేను గూడ” అంది.

మా బావ చేతిలోని పని ఆపాడు.

“నాకేం వద్దు బిడ్డా. గాయిన యాడున్నడో ఒక్కటి చెప్పు. నేనే పోయి, గా మాట వాపస్ తీసుకుంట అని చెప్పొస్త. గా మాట మా నడుమ ఉండొద్దు.”

అదీ కేసు. ఒక ముసలి కాపురంలో పడ్డ ఒక మాటను వెనక్కి తీసుకోవడానికి ఆ మనిషి నా దగ్గరకు వచ్చింది. ఇప్పుడు తలచుకుంటే, అంత పెద్ద పని ఆ భూతద్దానికి అప్పగించినందుకు ఆమె మీదే జాలి వేస్తుంది.

ఆమెతోపాటే బస్సెక్కి వాళ్ల ఊరు వెళ్లాను. ఇంటి కప్పు ఒక పక్క విరిగి ఆకాశం కనిపిస్తోంది. కింద గిన్నెలు, చెంబులు, చివరికి దీపం బుడ్డి మూత కూడా వరసగా పెట్టి ఉన్నాయి, కారే చోటల్లా ఒకటి. మూలన గొర్రెల కాపరి కట్టె ఉంది. భూతద్దం తీసి దాన్ని ఆ చివర నుంచి ఈ చివర దాకా చూశాను. కట్టె పెద్దగా కనిపించింది.

“గొంగడి తీసుకపోయిండు, కట్టె ఇడిచిపెట్టిండు. ఇది మంచి లక్షణం కాదు పెద్దమ్మా” అన్నాను గంభీరంగా.

“గొర్ల ఎంబడి పోతె గద బిడ్డా కట్టె” అంది జంగమ్మ.

ఆ మాటలోనే సగం కేసు ఉంది. నేను వినిపించుకోలేదు. నవలల్లో కేసు తెచ్చినవాళ్లే దాన్ని పరిష్కరించరు, డిటెక్టివే పరిష్కరిస్తాడు.

మర్నాడు వాళ్ల ఊరి దారిలోని కూడలికి వెళ్లాను. అక్కడ చింతచెట్టు కింద జహంగీర్ సాబ్ కూర్చుని ఎద్దుల గిట్టలకు నాడాలు కొట్టేవాడు. నాలుగు దిక్కుల నుంచి వచ్చే బండ్లన్నీ ఆయన ముందు నుంచే పోవాలి. తెల్ల గడ్డం, మెడలో గళ్ల రుమాలు. నన్ను చూసి, “ఏం గావాలె బిడ్డా?” అన్నాడు చక్కని తెలుగులో.

ఇక్కడే నేను బుద్ధిమంతుడినైతే ఈ కథ ఉండేది కాదు. “చాచా, ఏక్ ఆద్మీ కో ఢూండ్ రా హూఁ” అన్నాను, ఒక మనిషిని వెతుకుతున్నానని.

“ఎవరిని?”

“గొర్రెల బీరయ్యకో. ఉర్దూ మే బోలో చాచా. ముజే ఆతీ.” నాకొచ్చు, ఉర్దూలోనే చెప్పమన్నాను.

ఆయన నన్ను కింది నుంచి పైదాకా ఒకసారి చూశాడు. పిల్లవాడి సరదా ఎందుకు కాదనాలి అనుకున్నాడేమో, సుత్తి కింద పెట్టి ఉర్దూలోకి దిగాడు.

“బీరయ్యా? ఓ తో గుజర్ గయే బేటా.”

తెల్లగుడ్డ కనిపించింది, అత్తరు వాసన వచ్చింది. ఎప్పుడని అడిగాను, “కబ్?”

“బారిష్ కే దూస్రే దిన్. సుబే సుబే.”

వాన పడ్డ మర్నాడు, పొద్దున్నే. జంగమ్మ చెప్పిన దానితో అచ్చంగా సరిపోయింది. “కైసే?” అన్నాను, ఎలాగని.

“బండీ పే.”

బండి మీద, అంటే బండి ప్రమాదం. ఒక్కడేనా అని, “అకేలే?”

“నై. దో బైల్ బీ థే.”

రెండెద్దులు కూడా. నోరులేని జీవాలు. నాకు కళ్లు చెమర్చాయి. మీరే చూశారా అని, “ఆప్ దేఖే?”

“మేరే సామ్‌నేచ్ గుజ్‌రే. సలాం బీ కరే.”

నా కళ్లముందే, సలాం చేసి మరీ. ఎంతటి మనిషి అండీ. ప్రాణం పోతూ ఉంటే కూడా పెద్దవాడికి చేయెత్తి సలాం చేసి పోయాడు. మా జిల్లా మర్యాద మీద నాకు గర్వం కలిగింది. ఆ తర్వాత ఏమైందని, “ఫిర్?”

“ఫిర్ క్యా. మిట్టీ కా కామ్ థా.”

మిట్టీ కా కామ్ అంటే మట్టి పని. మా వైపు మట్టికి పోవడం అంటే చావుకు పోయి రావడం. అంటే ఆ పని కూడా ముగిసిపోయింది. మట్టి ఎక్కడని, “మిట్టీ కహాఁ?”

“కుమ్మర్ వాడే కే పీఛే.”

చెరువు అవతల కుమ్మరివాడ వెనక. నేను చెయ్యి గుండె మీద పెట్టుకుని, “బహుత్ అఫ్సోస్ చాచా” అన్నాను, చాలా విచారంగా ఉందని.

“కాయ్ కా అఫ్సోస్?” విచారం దేనికని అన్నాడాయన ఆశ్చర్యంగా, మళ్లీ సుత్తి అందుకుని. చావును అంత తేలికగా తీసుకునే మనిషిని అంతకు ముందు నేను చూడలేదు. వయసు మనిషి గుండెను ఎంత రాయి చేస్తుందో అనుకుంటూ వచ్చేశాను.

దుకాణంలో మా బావ అంతా విన్నాడు. “కుమ్మరివాడకు పోయి సూసినవా?”

“సూసేదేమున్నది బావ? కండ్లతో చూసిన మనిషి చెప్పిండు.”

“ఒక్కపారి పోయి సూడు బామ్మర్ది. మనిషి పోయిన మాట అది. తప్పయితె మళ్ల బాగుచేయనీకి రేడియో కాదు.”

వెళ్లలేదు. నవలలో డిటెక్టివ్ అయితే వెళ్లేవాడే. నాకు చావు జాగాలంటే భయం. ఆ భయానికి ‘ఆలస్యం చేస్తే ఆ తల్లికి అన్యాయం’ అని పేరు పెట్టుకుని నేరుగా జంగమ్మ ఊరికి బస్సెక్కాను. దారి పొడుగునా మొహం ఎలా పెట్టాలో సాధన చేశాను. పక్క సీటాయన కడుపునొప్పా అని అడిగాడు.

జంగమ్మ గడపలో కూర్చుని చాటలో జొన్నలు చెరుగుతోంది. నన్ను చూడగానే చాట ఆగింది.

“కనవడ్డడా బిడ్డా?”

“పెద్దమ్మా, పెద్దయ్య పోయిండు.”

“పోయిండని నేనే గద నీకు చెప్పిన. యాడికి పోయిండో చెప్పు.”

“అట్ల గాదు. దూరం పోయిండు.”

“హైదరబాద్ పోయిండా?”

“ఇంకా దూరం.”

“బొంబాయా? గొర్లను ఇడిచి బొంబాయి ఎందుకు పోతడు?”

“బొంబాయి గాదు పెద్దమ్మా. పోయినోల్లు మళ్ల తిరిగిరాని జాగకు.”

“బొంబాయి పోయినోల్లు గూడ వస్తలేరు బిడ్డా” అంది ఆమె, నిజంగానే.

సాధన చేసిన మాటలన్నీ అయిపోయాయి. “బండి కింద పడ్డడట పెద్దమ్మా. మట్టి గూడ అయిపోయిందట” అనేశాను.

చాట ఆమె ఒళ్లోంచి జారింది. జొన్నలు గడప దాటి వాకిట్లోకి దొర్లాయి. ఆమె వెంటనే ఏడవలేదు. ఆ జొన్నల వైపే చూస్తూ మెల్లగా అంది, “గా మాట ఇని పోయిండు. నా నోట్లకెల్లి ఆఖరుకు ఇన్నది గదే మాట.”

ఆ తర్వాత ఏడ్చింది. ఆ ఏడుపు విని పక్కింటివాళ్లు వచ్చారు, వాళ్లను చూసి ఊరు వచ్చింది. పొయ్యిల్లో నిప్పులు ఆర్పేశారు. ఒక ముసలమ్మ జంగమ్మ చేతులు పట్టుకుని గాజుల వైపు చూసి, వచ్చినవాళ్లలోని పెద్దమనిషి వైపు చూసింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. “శవం సూడకుంట గాజుల మీద చెయ్యెయ్యొద్దు” అని నా వైపు తిరిగాడు. “ఏం పిలగా, బొంద యాడ పెట్టిండ్రు?”

“కుమ్మరివాడ ఎనుక.”

“మా గొర్లోని బొంద కుమ్మరోల్ల జాగల ఎందుకు పెడ్తరు?”

ఆ ప్రశ్న నాకు అప్పటిదాకా తట్టలేదు. “ఇప్పుడే వస్త” అని, నీళ్ల కోసం వెళ్తున్నట్టు నటిస్తూ ఇంటి వెనక్కి జారుకున్నాను. అక్కడినుంచి రోడ్డు మీదికి, రోడ్డు మీదినుంచి బస్సులోకి అని నా ఆలోచన.

వెనక గొర్రెల దొడ్డి గోడ పక్కన ఒక ఎడ్లబండి ఆగి ఉంది. దాని నిండా ఎర్రగా కాలిన కొత్త గూనపెంకలు, నడుమ నడుమ గడ్డి పెట్టి పేర్చి ఉన్నాయి. రెండెద్దులు నెమరు వేస్తున్నాయి. గోడకు ఆనుకుని, గొంగడి నెత్తిన కప్పుకుని ఒకాయన గొంతుక్కూర్చున్నాడు. లోపలి ఏడుపు వింటున్నాడు.

“ఎవలు పోయిండ్రు పిలగా?” అన్నాడు మెల్లగా.

“బీరయ్య.”

“ఏ బీరయ్య?”

“జంగమ్మ ఇంటాయన.”

ఆయన గొంగడి వెనక్కి నెట్టాడు. “గాయిన నేనే గద” అన్నాడు.

ఎద్దుల వైపు చూశాను. నా లెక్క ప్రకారం అవి కూడా పోయినవే. “నువ్వు గుజర్ గయే” అన్నాను, ఎందుకో ఆయనతో కూడా ఉర్దూలోనే.

“ఎవలు జెప్పిండ్రు?”

“నేనే.”

“నేను కిరాయి బండి కట్టుకొని ఇంటి పెంకల కోసం పోయిన పిలగా. కుమ్మరోల్ల ఆము, గదే పెంకలు కాల్చే బట్టి, వానకు తడిసింది. అది ఆరి, పెంకలు కాలేదాక ఆడనే ఉన్న. పెంకలు పలుగుతయని రోడ్డు ఇడిచి చెరువు కట్ట మీదికెల్లి వచ్చిన. ఇంటికాడ చెప్పొద్దా అంటె చెప్పాలె. నోరు రాలే. ఇల్లు కప్పినంక మాట్లాడుత అనుకున్న.”

అప్పుడు మట్టి పని ఏమిటో, కుమ్మరివాడ ఎందుకో, సలాం ఎందుకో, అన్నీ ఒక్కసారి నా నెత్తిన పడ్డాయి. “పెద్దయ్యా, జల్ది లోపటికి పా. పెద్దమ్మ ఏడుస్తాంది” అని ఆయన చెయ్యి పట్టుకుని లాగాను. ఆయన లేవలేదు. నా మణికట్టు పట్టుకుని నన్నే కిందికి లాగి పక్కన కూర్చోబెట్టాడు.

“జర ఆగు.”

లోపలినుంచి జంగమ్మ గొంతు వస్తోంది. “ఇల్లు కప్పుమంటి గని ఇల్లు ఇడువుమంటినా బీరయ్యా. ఉన్నా ఒకటే లేకున్నా ఒకటే అంటి. ఒకటి కాదయ్యా బీరయ్యా. నువ్వు లేక గొర్లు నీళ్లు ముట్టకపాయె, నాకు ముద్ద దిగకపాయె. ఓ నా బీరయ్యా.”

“ఇంటున్నవా?” అన్నాడాయన.

“ఏంది పెద్దయ్యా?”

“పేరు. లగ్గమైన కాడి సంది ‘ఓ’ అంటది, ‘ఇగో’ అంటది. గొర్లను గూడ పేర్లు పెట్టి పిలుస్తది, నన్ను పిలువలే. నా పేరు ఆమె నోట్ల ఎట్లుంటదో నాకు ఎరుకలే.” గొంగడి అంచుతో కళ్లు తుడుచుకున్నాడు. “ఇప్పుడు తగ్గనీకి ఆయుష్షు లేదు గద. గందుకె పిలుస్తాంది. జర ఇననియ్యి.”

నేను ఏం చెయ్యాలి? కూర్చున్నాను. చంపినవాడూ చచ్చినవాడూ గోడ పక్కన ఒకే గొంగడి నీడలో కూర్చుని చావు ఏడుపు విన్నాం. నాకూ ఏడుపు వచ్చింది. దాచుకోలేదు.

కొంతసేపటికి లోపల ఆ గొంతు బొంగురుపోయింది. బీరయ్య వెంటనే లేచాడు. “ఇగ సాలు. గొంతు పోతది” అని, బండిలోంచి ఒక పెంక చేతిలోకి తీసుకుని వాకిట్లోకి నడిచాడు. జనం నోళ్లు అలాగే తెరుచుకుని ఉండిపోయాయి. ముసలమ్మ జంగమ్మ చేతులు వదిలేసింది. ఆయన నేరుగా వెళ్లి భార్య ముందు నిలబడి, “పెంకలు తెచ్చిన” అన్నాడు.

జంగమ్మ ఆయన మొహం చూసింది, కాళ్లు చూసింది, చేతిలోని పెంక చూసింది.

“ఎన్ని తెచ్చినవ్?”

“బండెడు.”

“సరిపోతయా?”

“సరిపోతయి.”

అప్పుడు ఆమె ఆయన గొంగడిలో మొహం పెట్టుకుని ఏడ్చింది. అది వేరే ఏడుపు. దానిలో పేరు లేదు. “గా మాట వాపస్ తీసుకున్న” అని మాత్రం రెండుసార్లు వినిపించింది. బీరయ్య పెంకను జాగ్రత్తగా కింద పెట్టి, రెండు చేతులూ ఆమె తల మీద పెట్టాడు.

తర్వాత ఊరంతా తిరిగి నా వైపు చూసింది. ఆ చూపుల గురించి నేను రాయను. కూడలిలో జహంగీర్ సాబ్ చెప్పాడని మాత్రం గొణిగాను. సరిగ్గా అప్పుడే బస్సు దిగి జహంగీర్ సాబ్ వచ్చాడు, టోపీ సర్దుకుంటూ, పరామర్శకు. చావు కబురు కూడలి దాకా వెళ్లిందన్నమాట. వాకిట్లో బీరయ్యను చూసి ఆగిపోయాడు.

“అరె బీరయ్యా, నువ్వు పోయినవని చెప్తె వస్తిని గద.”

“నువ్వే చెప్పినవట సాబూ.”

ముసలాయన మెల్లగా నా వైపు తిరిగాడు. కోపం లేదు, అదే ఇంకా బాధ. “నేను తెలుగులనే అడిగిన గద బిడ్డా. నువ్వే ఉర్దూ ఉర్దూ అంటివి. గుజర్ గయే అంటె ఈ తొవ్వలకెల్లి పోయిండని.”

“మరి సచ్చిపోతె ఏమంటరు చాచా?”

“గుజర్ గయే అనే అంటరు.”

“మరి తేడా ఎట్ల తెలుస్తది?”

ఆయన గడ్డం నిమురుకుని, ఎంతో ఓపికగా చెప్పాడు. “సచ్చినోడు సలాం చెయ్యడు బిడ్డా.”

శిక్ష పెద్దమనిషి వేశాడు. చంపినోడే పెంకలు అందియ్యాలి. చీకటి పడేదాకా నిచ్చెన మీద నిలబడి పెంకలు అందించాను. పైన బీరయ్య, కింద జంగమ్మ, నడుమ నేను. “ఓ, ఎడమ దిక్కు జర జరుపు” అంటోంది ఆమె కిందనుంచి. పైన ఆయన చెయ్యి ఒక్క క్షణం ఆగింది, మళ్లీ కదిలింది. అది నేనొక్కడినే చూశాను.

బోర్డు మర్నాడే దింపేశాను. దాని వెనకవైపు మా బావ ‘రేడియోలు బాగుచేయబడును’ అని రాయించుకున్నాడు. కొన్నాళ్లకు, సంతకు వచ్చిన బీరయ్య దుకాణం దగ్గర ఆగాడు. చాయ్ తెప్పించాను. తాగుతూ అటూ ఇటూ చూశాడు.

“ఏం పెద్దయ్యా, ఏమన్న పోయిందా?”

“పోయింది.”

“ఏంది?”

గొంతు తగ్గించాడు. “నా పేరు. మళ్ల ‘ఓ’ అంటాంది. అడిగితె, ఒక్కపారి సచ్చింది సాలదా అంటది.” గ్లాసు కింద పెట్టి నా చెయ్యి పట్టుకున్నాడు. “మల్లొక్కపారి నేను పోయినని చెప్పి రారాదు పిలగా?”

నేను మా బావ భూతద్దం మీద చెయ్యి వేసి ఆయన ఎదుటే ప్రమాణం చేశాను. ఏ మనిషినీ, ఏ ఎద్దునూ, ఏ భాషలోనూ, ఆ మనిషి స్వయంగా వచ్చి బతిమాలినా సరే, ఈ జన్మలో మళ్లీ చంపనని. ఆయన నిరాశగా లేచి, కట్టె భుజాన వేసుకుని, గుమ్మం దగ్గర ఆగి నాకు సలాం చేసి మరీ వెళ్లాడు.

ఆ ఒట్టు ఈనాటికీ తప్పలేదు. ఎవరైనా వచ్చి ఫలానాయన పోయిండు అంటే, ముందుగా ‘ఏ బస్సుకు’ అని అడుగుతాను. జవాబు రాకపోతేనే తల దించుకుంటాను.